వరద, తుపాను బాధితులకు కౌన్సెలింగ్ చేయాలంటే రెండు రోజుల కోర్సు సరిపోతుందా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది కోవూరు. ఎం.ఎస్సీ. సైకాలజీ పూర్తయింది. వరదలు, తుపాన్లు, పెద్ద ప్రమాదాల తర్వాత జనానికి కౌన్సెలింగ్ చేయాలని ఉంది. ట్రామా కౌన్సెలింగ్ పేరుతో రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సులు కనిపిస్తున్నాయి. అది చేస్తే చాలా? అక్కడికి వెళ్లాక బాధితులతో అసలు ఏం మాట్లాడాలి?"

అమ్మా, రెండు రోజుల్లో నేర్చుకోగలిగింది ఒకటుంది, మానసిక ప్రథమ చికిత్స (సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్). అది నిజంగానే రెండు రోజుల్లో వస్తుంది. ఆశా కార్యకర్తకూ వస్తుంది, సచివాలయం ఉద్యోగికీ వస్తుంది. కౌన్సెలింగ్ మాత్రం అలా రాదు. ఈ రెండింటికీ తేడా తెలియకుండా క్యాంపులోకి వెళ్లేవాళ్ల వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో చాలాకాలంగా కౌన్సెలింగ్ చేస్తూ, కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మీది కోవూరే అంటున్నారు కాబట్టి 2021 నవంబరు మీకు గుర్తుండే ఉంటుంది. సోమశిల నుంచి వదిలిన నీళ్లతో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజు స్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలోకి అడుగుపెడితే ఏం కనిపిస్తుందో ఊహించండి. ఒకావిడ తడిసిన పాస్‌బుక్కు, రేషన్ కార్డు కిటికీలో ఆరబెట్టి వాటి పక్కనుంచి కదలదు. ఒకాయన కట్టేసి వచ్చిన బర్రెల సంగతి తప్ప ఇంకేం వినిపించుకోడు. ఫోన్ ఛార్జింగ్ పెట్టే ప్లగ్గు దగ్గర పదిమంది నిలబడి ఉంటారు, వాళ్లలో ఒకామెకు గూడూరులో ఉన్న కూతురు బతికుందో లేదో తెలియదు. అక్కడికి వెళ్లి "ఆ రాత్రి మీకేమనిపించింది?" అని అడగడం ఎంత అసందర్భమో చూడండి. ఆమెకు అప్పుడు కావాల్సింది ఫోను.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మార్గదర్శిలో మానసిక ప్రథమ చికిత్సను మూడు మాటల్లో పెట్టారు: చూడు, విను, కలుపు. ముందు చుట్టూ చూడాలి: ఇక్కడ ప్రమాదం ఏమైనా ఉందా, ఎవరు బొత్తిగా బిత్తరపోయి ఉన్నారు, ఎవరు ఒంటరిగా ఉన్నారు. చెప్తే వినాలి, చెప్పకపోతే ఊరికే పక్కన కూర్చోవాలి. ఆ తర్వాత మనిషిని తనకు కావాల్సిన దానితో కలపాలి. అది కుటుంబం కావచ్చు, డాక్టరు కావచ్చు, రేపు పరిహారం రాసుకోవడానికి వచ్చే వీఆర్వో కావచ్చు. పరిహారం జాబితాలో పేరు ఎక్కిందో లేదో కనుక్కుని చెప్పడం కౌన్సెలర్ పని కాదని కొందరు పిల్లలు క్లాసులో వాదిస్తుంటారు. ఆ వారంలో అంతకుమించిన కౌన్సెలింగ్ లేదని నా గట్టి అభిప్రాయం. రాత్రంతా ఒక మనిషి నిద్రపోకపోవడానికి కారణం ఆ జాబితానే అయినప్పుడు మందు కూడా అక్కడే ఉంటుంది.

జరిగింది మొదట్లోనే తవ్వి చెప్పించకూడదని ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, దీనికి ఒక చరిత్ర ఉంది. 1983లో అమెరికాలో జెఫ్రీ మిచెల్ అనే ఆయన, ఫైర్ సిబ్బంది వంటివాళ్ల కోసం డీబ్రీఫింగ్ అనే పద్ధతి తెచ్చారు. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏమనుకున్నారు, ఏమనిపించింది అని వరసగా చెప్పించడం. మనసులోది కక్కేస్తే తేలికపడుతుందని మనం కూడా అంటుంటాం కాబట్టి అది అందరికీ సబబుగానే తోచింది. ఎక్కడపడితే అక్కడ వాడేశారు. తర్వాత పరీక్షించి చూస్తే ఫలితం వేరేగా వచ్చింది. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరినవాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో, డీబ్రీఫింగ్ చేసిన వాళ్లలో 26 శాతం మందికి 13 నెలల తర్వాత పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత మనసును వదలకుండా వేధించే జబ్బు) కనిపించింది. చేయని వాళ్లలో అది 9 శాతమే. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2002లో, ఒక్క సిట్టింగ్ డీబ్రీఫింగ్ వల్ల ప్రయోజనం కనబడలేదని, ఇక దాన్ని తప్పనిసరి చేయడం మానాలని తేల్చింది. అయినా మన దగ్గర ఇప్పటికీ బాధితులను గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత చెప్పించి, ఏడిపించి, ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లున్నారు. మీరు చేసే కోర్సులో అదే నేర్పిస్తుంటే మధ్యలోనే లేచి వచ్చేయండి.

దీని పక్కనే ఇంకోటి. నిద్ర పట్టట్లేదు, గుండె దడ అంటే చాలామంది వెంటనే నిద్రమాత్రలు తెచ్చి ఇస్తారు. ఘటన జరిగిన మొదటి నెలలో, ఆ షాక్ లక్షణాలకు బెంజోడయాజిపైన్లు అనే రకం నిద్రమాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో స్పష్టంగా చెప్పింది. మాత్ర రాసేది మనం కాకపోయినా ఈ సంగతి తెలిసి ఉండాలి, పీహెచ్‌సీ డాక్టరుతో మర్యాదగా మాట్లాడగలగాలి.

ఇక ఏం మాట్లాడాలి అన్నారు. మా శిక్షణలో ఎక్కువ సమయం దీనికే పోతుంది, పోవాలి కూడా. రోల్‌ప్లే చేయిస్తాం, అంటే పాత్రలు వేయించి అభ్యాసం. ఒక అమ్మాయిని మత్స్యకారుడి భార్యగా కూర్చోబెడతాం. తుపాను ముందు వేటకు వెళ్లిన భర్త పడవ ఇంకా ఒడ్డుకు రాలేదు. ఇంకో అమ్మాయి కౌన్సెలర్. ఆమె వెళ్లగానే ఎంతో ఆప్యాయంగా చెయ్యి పట్టుకుని "మీరేం భయపడకండి, ఆయన క్షేమంగా వచ్చేస్తారు" అంటుంది. దాదాపు ప్రతి బ్యాచ్‌లో మొదటి మాట ఇదే వస్తుంది. అక్కడ ఆపి, భార్యగా కూర్చున్న అమ్మాయిని అడుగుతాం, ఎలా ఉంది అని. "ఈమెకెలా తెలుసు అనిపించింది, ఇక ఈమెతో మాట్లాడాలనిపించలేదు" అంటుంది. మళ్లీ మొదటినుంచి. రెండోసారి కౌన్సెలర్ తన పేరు చెప్తుంది, ఎక్కడినుంచి వచ్చిందో చెప్తుంది, "మీ పక్కన కాసేపు కూర్చోవచ్చా అక్కా?" అని అడుగుతుంది. కూర్చుంటుంది. కొంతసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత "పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?" "పడవల సంగతి చెప్పడానికి ఎవరైనా వచ్చారా?" అని అడుగుతుంది. రాలేదంటే, "నేను వెళ్లి మత్స్యశాఖ వాళ్లను కనుక్కుని, తెలిసినా తెలియకపోయినా సాయంత్రం ఐదింటికి వచ్చి చెప్తాను" అంటుంది. ఐదింటికి రావాలి. ఏ కబురూ లేకపోయినా రావాలి. ఆ మాట నిలబెట్టుకుంటేనే మీరు మనిషిగా ఆమెకు పనికొస్తారు.

అనకూడని మాటలు కొన్ని నాలుక చివరే ఉంటాయి కాబట్టి పనిగట్టుకుని మానుకోవాలి. "ఏడవకండి", "అంతా దేవుడి రాత", "పోనీలే, పిలకాయలైనా దక్కారు కదా", "మీ బాధ నాకర్థమైంది". దేవుడి రాత అని ఆమే అనుకుంటే అది ఆమెకు ఊరట, మనం కాదనకూడదు. మనం అంటే మాత్రం నోరు మూయించినట్టే.

ఇప్పుడు అసలు కౌన్సెలింగ్ సంగతికి వస్తాను. పెద్ద విపత్తు తర్వాత నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం, ఆ దృశ్యమే కళ్లముందు తిరగడం దాదాపు అందరికీ ఉంటుంది. అది జబ్బు కాదు. తిండి, గూడు, అయినవాళ్లు దగ్గరుంటే చాలామందికి కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. నెల దాటినా తగ్గకుండా, పనికి వెళ్లలేకుండా, నీళ్ల చప్పుడు వింటేనే పారిపోతూ ఉంటే అప్పుడు పీటీఎస్‌డీ గురించి ఆలోచించాలి. రోగ నిర్ధారణకు కూడా నెల గడువు అందుకే పెట్టారు. కాబట్టి కౌన్సెలర్ అవసరం ఎక్కువయ్యేది టీవీ వాళ్లు, రాజకీయ నాయకులు, సహాయం చేసే సంస్థలు అందరూ వెళ్లిపోయాక. ఆరు వారాల తర్వాత, మూడు నెలల తర్వాత. మళ్లీ సంవత్సరం నవంబరులో వాయుగుండం అన్న మాట టీవీలో వినబడగానే ఊళ్లో సగంమందికి నిద్ర ఉండదు, ఆ వారంలో కూడా మీరు అక్కడ ఉండాలి.

ఎవరిని ముందుగా వెతకాలో నేర్పించని శిక్షణ వ్యర్థం. పాతికేళ్లుగా స్కిజోఫ్రీనియాకు, ఫిట్స్‌కు మందులు వాడుతున్నవాళ్ల మాత్రలు వరదలో కొట్టుకుపోతే వారం తిరిగేసరికి పెద్ద ప్రమాదం వస్తుంది. వీళ్ల గురించి ఎవరూ అడగరు. క్యాంపులోకి వెళ్లిన మొదటి గంటలోనే ఏఎన్‌ఎమ్‌ను పట్టుకుని ఆ జాబితా రాసుకోండి. రోజూ మద్యం తాగే మనిషికి ఒక్కసారిగా అది దొరక్కపోతే వణుకు, భ్రమలు వస్తాయి, దాన్ని షాక్ అనుకుని కౌన్సెలింగ్ మొదలుపెట్టకూడదు, ఆసుపత్రికి పంపాలి. అలాగే చావును కళ్లారా చూసినవాళ్లను, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లను, అయినవాళ్ల శవం దొరకనివాళ్లను కూడా ముందుగా వెతకాలి.

ఈ చివరి సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తీరం ఉన్న జిల్లాల్లో ఇది తరచూ ఎదురవుతుంది. 2004 సునామీలో మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు, అందులో నెల్లూరు, ప్రకాశం తీరాల వాళ్లూ ఉన్నారు. సముద్రంలో పోయిన మనిషి శవం దొరక్కపోతే ఆ ఇంటి ఆడమనిషి పరిస్థితి ఏమిటి? బొట్టు తీయాలా వద్దా, దినం చేయాలా వద్దా, ఎవరూ చెప్పలేరు. చేస్తే తనే చంపుకున్నట్టు ఉంటుంది, చేయకపోతే ఊళ్లో మాట పడాలి. చట్టం ప్రకారం చూసినా, ఏడేళ్లపాటు ఏ కబురూ లేకపోతేనే చనిపోయినట్టు భావించాలన్నది సాధారణ నియమం. ఇలా ఎటూ తేలని స్థితిని పాలిన్ బాస్ అనే పరిశోధకురాలు తేలని నష్టం అన్న అర్థంలో వర్ణించారు. ఇక్కడ కౌన్సెలర్ చేయకూడని పని ఒకటుంది, ఆమె చేత "ఆయన లేడు" అని ఒప్పించాలని చూడటం. వస్తాడేమో అన్న ఆశ, రాడన్న తెలివిడి రెండూ ఒకే గుండెలో ఉండొచ్చు. రెండింటినీ ఉండనిస్తూనే పిల్లల స్కూలు, చేపల అమ్మకం, పింఛను కాగితాలు నడిపించడానికి తోడుండాలి. కర్మ ఎప్పుడు చేయాలన్నది ఆమె, ఆ ఇంటి పెద్దలు నిర్ణయించుకుంటారు. ఇది పుస్తకం చదివి వచ్చే పని కాదు, అనుభవం ఉన్నవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

మన జనం బాధను ఎలా చెప్తారో కూడా శిక్షణలో భాగం కావాలి. నాకు డిప్రెషన్‌గా ఉందని కొత్తపట్నంలోనో మైపాడులోనో ఎవరూ రారు. గుండెల్లో మంట అంటారు, ఒళ్లంతా గుంజుతోందంటారు, తల దిమ్ముగా ఉందంటారు. పిల్లాడు దడుసుకున్నాడని తాయెత్తు కట్టిస్తారు, దర్గాకు తీసుకెళ్లి ఊదిస్తారు. అది తప్పని మొహం మీద చెప్పిన రోజే వాళ్లు మీకు దూరమవుతారు. "తాయెత్తు కట్టించారు కదా, మంచిది, రాత్రిపూట నిద్ర ఎలా ఉందో కూడా చూద్దాం" అంటే రెండూ నడుస్తాయి. మత్స్యకార గ్రామంలో పెద్దకాపులతో, అంటే ఆ ఊరి పెద్దలతో, ముందు మాట్లాడకుండా ఇంటింటికీ తిరిగితే ఎవరూ నోరు విప్పరు. కట్టల మీద, కాలువ గట్ల మీద గుడిసెలేసుకుని ఉండే యానాదుల కుటుంబాలు పునరావాస కేంద్రానికే రాకపోవచ్చు. వస్తే ఎవరేమంటారో అన్న భయం ఉంటుంది. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి, కింద కూర్చోవాలి, వాళ్లు ఇచ్చిన టీ తాగాలి. డ్వాక్రా సంఘం సమావేశం ఆడవాళ్లతో మాట్లాడటానికి మంచి చోటు. కౌన్సెలింగ్ అని బోర్డు పెట్టి టేబుల్ వేసుకుంటే ఒక్కరూ రారు.

పిల్లల గురించి క్లుప్తంగా. పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, వరద ఆట ఆడటం మామూలే. తిట్టకుండా, వీలైనంత త్వరగా స్కూలు, ఆట, రోజువారీ వేళలు మొదలుపెడితే చాలావరకు కుదుటపడతారు. వరద బొమ్మ గీయమని బలవంతం చేసి దాన్ని పేపర్లో వేయించకండి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయక తప్పదు. ఏదైనా రహస్యంగా ఉంచుతానని పిల్లలకు మాట ఇచ్చే ముందు ఇది గుర్తుండాలి.

నెల దాటాక చేసే పనికి మీరు నేర్చుకోవాల్సినవి వేరు. నా సలహా, ముందు పీఎం ప్లస్ (ప్రాబ్లం మేనేజ్‌మెంట్ ప్లస్) అనే కౌన్సెలింగ్ పద్ధతి నేర్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో తెచ్చింది. ఐదు సిట్టింగులు. శ్వాసతో మనసు కుదుటపరచుకోవడం, చేతనైన చిన్న సమస్యను విడగొట్టి పరిష్కరించుకోవడం, మానేసిన పనులు మెల్లగా మళ్లీ మొదలుపెట్టడం, మనుషుల తోడు పెంచుకోవడం, ఈ నాలుగే అందులో ఉంటాయి. స్పెషలిస్టులు కానివాళ్లు కూడా శిక్షణ తీసుకుని, పర్యవేక్షణలో చేయగలిగేలా రాసింది కాబట్టి మన పల్లెలకు చక్కగా సరిపోతుంది. పీటీఎస్‌డీ ఖాయమైనవాళ్లకు ట్రామా మీద దృష్టిపెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే చికిత్స), ఎక్స్‌పోజర్ చికిత్స (భయపెట్టేదాన్ని మెల్లగా ఎదుర్కొనేలా చేసేది), ఈఎండీఆర్ (కళ్ల కదలికల సాయంతో చేసేది) వంటివి ఉన్నాయి, బాగా పనిచేస్తాయి కూడా. వాటిలో జ్ఞాపకాన్ని కావాలనే తెరుస్తాం. తెరిచాక మూయడం, మనిషిని స్థిమితపరిచి ఇంటికి పంపడం తెలియాలి. మామూలు కౌన్సెలింగ్ కనీసం రెండేళ్లు చేసి, మీ కేసులు వినే సీనియర్ ఒకరు ఉంటేనే వాటి జోలికి వెళ్లండి.

ఆ సీనియర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఈ రంగంలో మన జిల్లాల్లో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. కోర్సులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, కేసు వినేవాళ్లు లేరు. రోజూ ఇలాంటివి వింటే మీకూ కలలు వస్తాయి, చికాకు పెరుగుతుంది, ఇంట్లోవాళ్ల మీద అరుస్తారు. మీది కోవూరు కాబట్టి వరద వస్తే మీ ఇంట్లోకీ నీళ్లు రావచ్చు. బాధితురాలిగానూ కౌన్సెలర్‌గానూ ఒకేరోజు ఉండలేరు, ముందు మీ ఇల్లు చూసుకోండి. క్యాంపులో ఎప్పుడూ ఇద్దరుగా వెళ్లండి, సాయంత్రం ఇద్దరూ కూర్చుని ఆ రోజు సంగతి మాట్లాడుకోండి, వారంలో ఒకరోజు పూర్తిగా దూరంగా ఉండండి. వారానికోసారి ఫోన్లోనైనా వినే గురువును ఇప్పుడే వెతుక్కోండి.

చదువు విషయానికొస్తే, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌కు ఈ పనిలో లోతైన అనుభవం ఉంది. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత అక్కడి మామూలు డాక్టర్లకు మానసిక వైద్యంలో శిక్షణ ఇచ్చారు. లాతూరు భూకంపం, 1999 ఒడిశా తుపాను, 2001 గుజరాత్ భూకంపం దాకా ఆ అనుభవం పెరిగింది. విపత్తుల్లో మానసిక సహాయం మీద వాళ్లు తయారుచేసిన శిక్షణ పుస్తకాలు చదవండి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009 డిసెంబరులో ఇదే విషయం మీద విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా చూడండి, ఎవరి పని ఏమిటో అందులో ఉంది. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే మాత్రం ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కోర్సు, అక్కడ నమోదు తప్పనిసరి. మీ ఎం.ఎస్సీ.తో కౌన్సెలర్‌గా పనిచేయవచ్చు గానీ ఆ పేరు వాడకండి.

విపత్తు వచ్చాక వెళ్లడం కాదు, ముందే పరిచయాలు పెట్టుకోవాలి. మీ మండలం పీహెచ్‌సీకి, ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌కు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్లకు ఇప్పుడే కనబడండి. కలెక్టరేట్‌లో విపత్తు నిర్వహణ విభాగానికి మీ పేరు, చదువు, ఫోన్ నంబరు రాసి ఇవ్వండి. చిన్న ఘటనలే మంచి అభ్యాసం. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు వరసగా భూమి కంపించినప్పుడు పెద్దగా నష్టమేమీ జరగకపోయినా జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు. 2022 చివర్లో కందుకూరు తొక్కిసలాటలో 8 మంది పోయారు. అలాంటప్పుడు స్కూల్లో టీచర్లతో కూర్చుని పిల్లలకు ఏం చెప్పాలో మాట్లాడటం, ఆ కుటుంబాల ఇళ్లకు నెల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి వెళ్లి రావడం, ఇలాంటి పని ఎవరూ చేయరు. అక్కడే నేర్చుకుంటారు. మీ దగ్గరున్న ప్రతి మనిషికీ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసి ఇవ్వండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలని ఉందన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి మీరే తోడు వెళ్లండి.

ఆ ఆన్‌లైన్ కోర్సుకు ఫీజు కట్టేముందు వాళ్లకు ఫోన్ చేసి అడగండి. రోల్‌ప్లే ఎన్ని గంటలు చేయిస్తారు? కోర్సు అయ్యాక నా కేసులు ఎవరు వింటారు, ఎన్నాళ్లు? నేర్పేవాళ్లు స్వయంగా ఏ పునరావాస కేంద్రంలో పనిచేశారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు దాచుకుని, ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శిని ఉచితంగా దింపుకుని చదివి, ఇద్దరు స్నేహితులను పిలిచి ఆ మత్స్యకారుడి భార్య రోల్‌ప్లే మీ ఇంట్లోనే మొదలుపెట్టండి. సందేహం వస్తే ఇక్కడే అడగండి, చెప్తాను.